సంక్రాంతి ఆటల పోటీల్లో అందరికీ చోటు ఎలా?

ప్రశ్న: అమలాపురం దగ్గర మా ఊరి సంక్రాంతి పోటీల్లో చూపులేని యువకులనూ, పోలవరం ముంపు వల్ల ఊళ్లు విడిచిన కోయ, కొండరెడ్డి కుటుంబాల పిల్లలనూ ప్రేక్షకులుగా కాక ఆటగాళ్లుగా చేర్చుకోవాలంటే ఏమేమి మార్చాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

జవాబు 1: అంధుల క్రికెట్ నియమాలు పాటించండి. లోపల గుళ్లు గలగలలాడే ప్లాస్టిక్ బంతిని చేయి పైకెత్తకుండా కిందినుంచే వేస్తారు. పూర్తిగా చూపులేని బి1 ఆటగాడు కొట్టిన ప్రతి పరుగునూ రెండుగా లెక్కిస్తారు. ఆట సాగుతున్నంతసేపు మైకు ఆపించండి, లేకపోతే బంతి చప్పుడు వినబడదు (మన ఊళ్లలో అదే అసలు కష్టం).

జవాబు 2: దివ్యాంగులు క్రీడల్లో పాల్గొనేలా చూడడం ప్రభుత్వ బాధ్యతని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 30వ సెక్షన్ చెబుతోంది కనుక, మైదానానికి ర్యాంపు కావాలని అధికారులను లిఖితపూర్వకంగా అడగవచ్చు.

జవాబు 3: గిరిజన పిల్లలనగానే విల్లంబుల ప్రదర్శన పెట్టించడం నాకు నచ్చదు. వారిని విడి జట్టుగా నిలబెట్టకుండా, ప్రవేశ రుసుము లేకుండా, ఊరి కబడ్డీ జట్లలోనే కలపండి.