బుల్లెట్‌కు అంబాసిడర్ ఎస్‌యూ కార్బొరేటర్: పిస్టన్ కొట్టుకోవడం ఎట్లా ఆపాలి?

అన్నలారా, పాత బుల్లెట్ 350కి మిక్‌కార్బ్ కార్బొరేటర్ తీసేసి అంబాసిడర్ ఎస్‌యూ హెచ్‌ఎస్2 ఎక్కించినాం. దీని బోరు 31.75 మి.మీ., పాతది 24. అందుకే అనంతపురం లేత్ షాపులో అల్యూమినియం అడాప్టర్ లోపల వాలుగా తిప్పించినాం. డాష్‌పాట్ (కార్బొరేటర్ పిస్టన్ కదిలే, నూనె పోసే పై గిన్నె) నిలువుగానే ఉంది, గాలి లీకు లేదు.

ఐడ్లింగులో ఈ కార్బొరేటర్ పిస్టన్ (ఇంజన్‌ది కాదు) టకటకా పైకీ కిందికీ కొట్టుకుంటోంది. కారుకు నాలుగు సిలిండర్లు, పీల్పు ఆగదు. బుల్లెట్ లాంటి సింగిల్ సిలిండర్‌కు ఇంజన్ రెండు చుట్లకొకసారే పీల్పు గదా. డాష్‌పాట్‌లో 20 నంబరు నూనె తీసి చిక్కని 20డబ్ల్యూ50 పోస్తే కొట్టుకోవడం తగ్గింది గానీ, యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పితే పిస్టన్ నిదానంగా లేచి నల్లపొగ, ప్లగ్గంతా మసి. పెట్రోలు తగ్గిద్దామని జెట్ నట్టు రెండు ఫ్లాట్లు (నట్టు ముఖాలు) పైకి బిగిస్తే ఐడ్లింగే నిలబడదు.

పలచని నూనెతోనే ఉండి గట్టి స్ప్రింగు వెయ్యాలా, అడాప్టర్ పొడుగు పెంచాలా? 0.090 అంగుళాల జెట్‌కు 346 సీసీ సింగిల్‌లో ఏ నీడిల్ (జెట్‌లో లేచి దిగుతూ పెట్రోలు కొలిచే సూది) కుదిరిందో, వేసి నడిపినవాళ్లు చెప్పండి.