"నా పేరు మార్చుకుంటా" అంటాం కదా, అందులో ఏ పేరు?

ప్రశ్న (సీతమ్మధార నుంచి):
అందరికీ నమస్కారం. మా తమ్ముడు అమెరికాలో పౌరసత్వానికి దరఖాస్తు పెడుతున్నాడు. ఎన్-400 ఫారంలో పేరు చట్టబద్ధంగా మార్చుకుంటారా అని ఒక ప్రశ్న ఉందట. వాడి పేరు అప్పలనరసింహం, మా తాతగారి పేరు. ఇక్కడ కాలేజీలో ఏడిపించేవారు, అక్కడ ఎవరికీ నోరు తిరగడం లేదు. అందుకని ‘అప్పల’ తీసేసి నరసింహ అని ఉంచుకుంటానంటున్నాడు. నాన్నగారు ఫోన్లోనే కస్సుమన్నారు: "ఏటిరా, పేరు మార్చుకుంతావా? ఏ పందెం ఓడిపోనావు?" అప్పట్నుంచీ నాకో సందేహం. "ఈ పని అవకపోతే నా పేరు మార్చుకుంటా" అంటాం కదా, అందులో పేరంటే ఇంటిపేరా, పెట్టిన పేరా?

జవాబు (మహారాణిపేట నుంచి):
పెట్టిన పేరేనండీ. ఇంటిపేరు పందెంలో ఒడ్డినవాణ్ణి నేను చూడలేదు. "నా పేరు ఫలానాయే కాదు" అని తొడ కొట్టినప్పుడు ఆ ఫలానా చోట అప్పారావో నూకరాజో వస్తాడు గానీ ఇంటిపేరు రాదు. మీసం తీయించుకుంటా అన్నట్టే ఇదీ. మనిషి తన సొంతమైనదాన్నే పణం పెడతాడు. ఇంటిపేరు పాలివాళ్ళందరిదీ కదా.

క్రియలు చూడండి. ఇంటిపేరు ‘మారింది’ అంటాం. పెళ్ళయితే మారింది, దత్తు వెళితే మారింది. పేరు దగ్గరికి వచ్చేసరికి ‘మార్చుకున్నాడు’, ‘పెట్టుకున్నాడు’. మార్చుకున్నాడులో ఉన్న ఆ ‘కొను’ (మార్చు + కొను) చేరగానే తన ఇష్టంతో, తన కోసం చేశాడన్న అర్థం వచ్చేస్తుంది. మీ నాన్నగారికి గుచ్చుకున్నది ఆ ‘కొను’ అనుకుంటాను.

రెండూ ఒకే మనిషిలో చూడాలంటే శ్రీశ్రీ ఉన్నారు. 1910లో మన విశాఖలోనే పుట్టారు, పూడిపెద్ది వారబ్బాయి. శ్రీరంగం సూర్యనారాయణగారికి దత్తు వెళ్ళడంతో ఇంటిపేరు శ్రీరంగం అయింది. అది మారినది. శ్రీరంగంలో శ్రీ, శ్రీనివాసరావులో శ్రీ పక్కపక్కన పెట్టి శ్రీశ్రీ కావడం మాత్రం పెట్టుకున్నది. ఆయన కన్నతల్లి పేరు అప్పలకొండ. ఈ ముక్క మీ తమ్ముడికి చెప్పండి.

‘అప్పల’ అంటే సింహాద్రి అప్పన్న. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, ఆడామగా తేడా లేకుండా సింహాచలం. అనకాపల్లి వైపు నూకాలమ్మ పేరున నూకరాజు, నూకరత్నం. విజయనగరం వైపు పైడితల్లి పేరున పైడిరాజు, పైడమ్మ. పేరు వింటే చాలు, మనిషి ఏ అమ్మవారి, ఏ దేవుడి ఎలాకావాడో తెలిసిపోతుంది. దాన్ని ‘ఎ.’ అనే పొడి అక్షరంగా కుదించడం అమెరికాలో మొదలవలేదు లెండి, మన కాలేజీ రిజిస్టర్లలోనే జరిగింది.

తాత పేరు సంగతి ఇంకొకటి. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదని, అదే పేరున్న కొడుకును నాన్నా అనో బాబూ అనో బుజ్జీ అనో పిలిచే ఇళ్ళు మనవి. బారసాలనాడు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో రాసిన ఆ పేరు మళ్ళీ బళ్ళో వేసేటప్పుడే బయటికి వచ్చేది. అంటే తాత పేరు నిలిచేది నోట్లో కాదు, కాగితం మీద. కోత పడుతున్నది కూడా సరిగ్గా అక్కడే కాబట్టి పెద్దాయన బాధలో న్యాయం ఉంది. అయినా నరసింహం మిగులుతున్నాడు, అప్పన్న ఎక్కడికీ పోలేదని నేనైతే సర్దిచెబుతాను.

జవాబు (ఎం.వి.పి. కాలనీ నుంచి):
భాష సరే, పని సంగతి చెబుతాను. పౌరసత్వంతో పాటే పేరు మారాలంటే ప్రమాణం కోర్టు జరిపే కార్యక్రమంలోనే కావాలి. ఇమ్మిగ్రేషన్ ఆఫీసువాళ్ళు సొంతంగా జరిపే ప్రమాణంలో పేరు మారదు. కాబట్టి కోర్టు తేదీ కోసం ఆగాల్సి రావచ్చు. ఇంటర్వ్యూలో పేరు మార్పు పిటిషన్ మీద సంతకం పెట్టిస్తారు. పౌరసత్వ సర్టిఫికెట్ కొత్త పేరుతో వస్తుంది, సోషల్ సెక్యూరిటీ, పాస్‌పోర్టు, లైసెన్సు అన్నీ దాన్నిబట్టే. ఇటు 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మన పౌరసత్వం పోతుంది, ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. ఓసీఐకి, అంటే పరాయి దేశపు పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డుకి, పెట్టేటప్పుడు పాత పేరుకీ కొత్త పేరుకీ లంకె చూపించే కాగితం కావాలి, ఆ సర్టిఫికెట్ భద్రం.

ఊళ్ళో స్థలమో పొలమో ఉంటే దస్తావేజులో "అప్పలనరసింహం అనబడే నరసింహ" అని రాయించుకోవాలి. తెలుగులో కర్మణి ప్రయోగం చచ్చిపోయిందంటారు గానీ రిజిస్ట్రారు ఆఫీసులో నిక్షేపంలా ఉంది.

జవాబు (గాజువాక నుంచి):
మహారాణిపేట మాస్టారూ, ‘ఇంటిపేరు మారింది’ అని తేలిగ్గా అనేశారు. మారిందా, మార్చారా? పెళ్ళయ్యాక బ్యాంకు, ఆధార్, పాన్ అంటూ కాళ్ళరిగేలా తిరిగింది నేను. పెళ్ళిఫోటో జిరాక్సులు ఎన్ని తీయించానో. ఆ తిరుగుడికి ఏ క్రియ వాడతారు?

జవాబు (మహారాణిపేట నుంచి):
బాగా పట్టుకున్నారమ్మా. ‘మారింది’ అంటే చేసినవాడు ఎక్కడా కనబడడు, మీ తిరుగుడూ కనబడదు. మగవాడు మార్చుకుంటే పందెం ఓడినట్టు, ఆడపిల్లకు మారితే శుభకార్యం. క్రియ నేను పుట్టించలేను గానీ, మీరు ‘మార్పించుకున్నాను’ అనండి, ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న (సీతమ్మధార నుంచి):
అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి శ్రీశ్రీ వాళ్ళమ్మగారి పేరు చెప్పాను, ఫోన్ తమ్ముడికి కలపమన్నారు. ఇంకొక్కటి. పుట్టినప్పటి నుంచి వాడిన వేరే పేర్లన్నీ, ముద్దుపేర్లతో సహా, ఫారంలో రాయాలట. వాణ్ణి ఇంట్లో అందరం బుజ్జి అంటాం. అదీ రాయాలా?

జవాబు (ఎం.వి.పి. కాలనీ నుంచి):
అడిగారు కాబట్టి రాసేయమనండి, ఎందుకొచ్చిన టెన్షన్. మా బావమరిది ‘చంటి’ అని రాశాడు. ఆఫీసరు దానికి అర్థం అడిగితే, నలభై ఏళ్ళవాడు పసిపిల్లాడని చెప్పుకోవాల్సి వచ్చిందట.