గ్రాఫిక్స్ ‘తేలిపోయాయి’ అంటే ఏమిటి?

సూపర్‌హీరో సినిమా చూసి వచ్చినవారు ‘గ్రాఫిక్స్ తేలిపోయాయి’ అనడం మనకు అలవాటైన మాటే. ఇది ‘నాసిరకంగా ఉన్నాయి’ అనడానికి మారుపేరా, లేక దీనికంటూ ఒక అర్థం ఉందా అని ఇక్కడ ఒక మిత్రులు అడిగారు. ఉందనే నా అభిప్రాయం.

‘తేలు’ అనే క్రియకు నీటిపైన నిలవడం ఒక అర్థం. ‘లెక్క తేలింది’, ‘దోషిగా తేలాడు’ అన్నచోట నిజం బయటపడడం మరొక అర్థం. విత్తనపు వడ్లను ఉప్పునీటిలో పోస్తే గట్టిగింజ అడుగుకు దిగుతుంది, తాలుగింజ పైకి తేలుతుంది. బరువు లేకపోవడం, లేదని తెలిసిపోవడం అక్కడ ఒకేసారి జరుగుతాయి. ‘పెద్ద నటుల ముందు కుర్రవాడు తేలిపోయాడు’ అన్నప్పుడు ఈ రెండు అర్థాలూ కలిసే పలుకుతాయి.

గ్రాఫిక్స్ దగ్గరికి వచ్చేసరికి ఈ పోలిక అక్షరాలా నిజమవుతుంది. 2018 నాటి ‘బ్లాక్ పాంథర్’ను ఎంతో మెచ్చుకున్న ప్రేక్షకులు కూడా, చివర గనిలో రైలు పట్టాల దగ్గర ఇద్దరు ప్రత్యర్థులు తలపడే ఘట్టాన్ని తప్పుపట్టారు. దెబ్బ తిన్న దేహం వెనక్కి ఎగిరినా, పాదం నేలను తాకినా కండా ఎముకా ఉన్న మనిషి బరువు అందులో కనిపించలేదన్నదే వారి బాధ. 2004లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్ 2’ సినిమాలో పరుగెడుతున్న రైలును ఆపే ఘట్టంలో మాత్రం హీరో పాదాలు ఆనించగానే పట్టాల కింది దిమ్మెలు విరుగుతాయి, రెండు వైపులా విసిరిన దారాలు సాగుతాయి, ఆ లాగుడుకు అతని దుస్తులు చిరుగుతాయి. ఇన్నింటి వల్ల ఆ రైలు బరువు మన భుజాల మీద పడినట్టే ఉంటుంది. యానిమేషన్ నేర్చుకునేవారి తొలి పాఠాల్లో బంతి గెంతడం ఒకటి. రబ్బరు బంతి ఎంత లేస్తుందో, ఇనుప గుండు ఎంత లేస్తుందో గీసి చూపించలేకపోతే తక్కిన విద్య నిలవదు. ఆ పాఠం వినని మన ప్రేక్షకుడు కూడా ‘తేలిపోయింది’ అని సరిగ్గా ఆ లోపం మీదనే వేలు పెట్టాడంటే, భాష మీద నాకు గౌరవం పెరుగుతుంది.

అయితే ఈ మాటను ప్రతి లోపానికీ వాడడం సరికాదు. 2017 నాటి ‘జస్టిస్ లీగ్’ కోసం కొన్ని సన్నివేశాలు మళ్లీ తీసేటప్పటికి, సూపర్‌మ్యాన్ పాత్రధారి హెన్రీ కావిల్ మరో సినిమా కోసం మీసం పెంచి ఉన్నారు. దానిని కంప్యూటర్‌లో చెరిపివేయగా పై పెదవి కదలిక వింతగా తయారై, చూసినవారంతా ఆ పెదవి గురించే మాట్లాడుకున్నారు. అక్కడ తేలిపోయిన బరువేమీ లేదు. తెలిసిన ముఖంలో ఏదో తేడా కొట్టడాన్ని చెప్పడానికి ‘ఎబ్బెట్టుగా ఉంది’ అన్న మాటే తగినది. నటుడి మీద పడిన వెలుగు ఒక దిక్కు నుంచి, వెనుక చేర్చిన ఆకాశంలోని వెలుగు ఇంకో దిక్కు నుంచి వస్తే నేను ‘అతకలేదు’ అంటాను.

సమీక్షలు రాసే మిత్రులు ఈ మూడింటినీ విడివిడిగా వాడితే బాగుంటుందని నా కోరిక. ఉత్తరాంధ్రలోనో తెలంగాణ పల్లెల్లోనో ‘తేలిపోవు’కు బదులు వేరే క్రియ వినిపిస్తుంటే, ఏ సందర్భంలో విన్నారో కూడా చేర్చి ఇక్కడ రాయగలరు.