వెబ్‌సైట్ ఇంట్లో తెరిస్తే బ్రహ్మాండంగా ఉంది, సర్వర్‌కి ఎక్కిస్తే ఏమీ లేదు. ఫైల్‌జిల్లా (ఫైల్స్ సర్వర్‌కి ఎక్కించే ప్రోగ్రామ్) తెలిసినవాళ్లు కాస్త చూడండి

సంగటిముద్ద (కడప):

అందరికీ నమస్తే. మా నాయన కడపలో పెళ్లిళ్లకు వంట మాస్టర్. ఈమధ్య ఎవరో పెళ్లివాళ్లు "మీకు వెబ్‌సైట్ ఉందా" అని అడిగారంట, ఇంటికొచ్చి నా మీద పడ్డాడు, "నువ్వు కంప్యూటర్లు చదివినావు కదరా" అని. నేను చదివింది బీకాం కంప్యూటర్స్, అదీ ఎనిమిదేళ్ల కిందట. సరే కానీ అని వీడియోలు చూసుకుంటూ నోట్‌ప్యాడ్‌లోనే ఐదు పేజీలు రాశాను. ల్యాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ చేస్తే రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఓళిగలు, కారం దోశ, ఫోటోలన్నీ వరసగా భలే వచ్చాయి. మా అమ్మ కూడా బాగుందంది, ఆమె ఊరికే అనదు.

డొమైన్ (సైట్ అడ్రస్) ఒకచోట, హోస్టింగ్ (ఫైల్స్ పెట్టుకునే సర్వర్‌లో చోటు) ఇంకోచోట కొన్నాను. మెయిల్‌లో వచ్చిన హోస్ట్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఫైల్‌జిల్లాలో పెట్టి క్విక్‌కనెక్ట్ కొడితే 530 లాగిన్ ఇన్‌కరెక్ట్ అని నాలుగుసార్లు తిప్పి కొట్టింది. చివరికి చూస్తే పాస్‌వర్డ్ కాపీ చేసేటప్పుడు దాని వెనకాల ఒక ఖాళీ కూడా అంటుకొచ్చింది, అది కనిపెట్టేసరికి రాత్రి పదకొండు. కనెక్ట్ అయ్యాక ఎడమవైపున్న నా ఫోల్డర్ పట్టుకుని కుడివైపు ఖాళీలోకి లాగాను. అన్నీ ఎక్కాయి, కింద ఫెయిల్డ్ ట్రాన్స్‌ఫర్స్ దగ్గర ఒక్కటి కూడా లేదు.

కానీ అడ్రస్ కొడితే హోస్టింగ్ కంపెనీ వాళ్ల వెల్‌కమ్ పేజీ వస్తోంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అరగంట పాట వినిపించి "అది మీ ఫైల్స్ సమస్య సార్" అని పెట్టేశారు. నాయనేమో తెలిసినవాళ్లందరికీ అడ్రస్ చెప్పేశాడు. టెన్షన్‌గా ఉంది.

వేరుశనగ (అనంతపురం):

కొత్త డొమైన్ కదా బ్రో, డీఎన్‌ఎస్ (ఏ అడ్రస్ ఏ సర్వర్‌దో చెప్పే జాబితా) మారడానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు. పడుకో, ఎల్లుండికి అదే వస్తుంది.

బురుజునీడ (కర్నూలు):

ఎల్లుండి దాకా పడుకున్నా రాదు. హోస్టింగ్ వాళ్ల పేజీ కనిపిస్తోందంటేనే అడ్రస్ వాళ్ల సర్వర్ దాకా చేరిందని అర్థం, ఇక డీఎన్‌ఎస్‌తో పని లేదు. బస్సు సరైన ఊరికే వచ్చింది, సామాను స్టాండ్ బయట దించారు, అంతే.

తమ్ముడూ, కుడివైపు పైన రిమోట్ సైట్ అని ఒక గడి ఉంటుంది చూడు. అందులో వట్టి స్లాష్ ఒక్కటే ఉందా? చాలా హోస్టింగుల్లో లాగిన్ కాగానే పడేది అక్కడే. అక్కడ పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, కొన్ని హోస్టింగుల్లో దాన్నే హెచ్‌టీడాక్స్ అంటారు, కొన్నింట్లో మూడు డబ్ల్యూలు. జనానికి కనబడేది దాని లోపల పెట్టినదే, దాని పక్కన ఎంత పెట్టినా ఎవరికీ కనబడదు. ముందు దాన్ని డబుల్ క్లిక్ చేసి లోపలికి వెళ్లు.

ఇంకోటి, నువ్వు ఫోల్డర్‌ని ఫోల్డర్ లాగే లాగావు. అట్లా చేస్తే అడ్రస్ వెనకాల ఫోల్డర్ పేరు కూడా కొడితేనే సైట్ వస్తుంది. ఎడమవైపు ఆ ఫోల్డర్ తెరిచి, లోపలున్నవి మొత్తం సెలెక్ట్ చేసి లాగు. మొదటి పేజీ పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అయి ఉండాలి, అన్నీ చిన్న అక్షరాలే. (తెలుగులో రాస్తే చిన్నా పెద్దా తేడా తెలీదు కాబట్టి విడిగా చెప్తున్నా.)

సంగటిముద్ద:

అన్నా వచ్చింది!! మొదటి పేజీ కనిపిస్తోంది. నా ఇండెక్స్‌లో ఐ పెద్దక్షరం ఉండింది, అదీ మార్చాను. కానీ పదకొండు ఫోటోల్లో రెండే కనిపిస్తున్నాయి, మిగతావి చినిగిన కాగితం బొమ్మలా ఉన్నాయి. తెలుగు అయితే మరీ ఘోరం. మూడు పేజీల్లో ఏవో పిచ్చి గుర్తులు, మెనూ పేజీ, ధరల పేజీ మొత్తం ప్రశ్నార్థకాలే. మా నాయన చూసి "ఇదేం భాషరా" అన్నాడు.

బురుజునీడ:

ఫోటో పెట్టిన లైన్లలో ఎస్‌ఆర్‌సీ (ఫోటో ఎక్కడుందో చెప్పే మాట) తర్వాత కోట్స్ లోపల ఏముందో ఒకటి రాయి.

సంగటిముద్ద:

సీ కోలన్, యూజర్స్, నా పేరు, డెస్క్‌టాప్, ఫోటోస్, సంగటి డాట్ జేపీజీ. చాలావాటికి ఇట్లాగే ఉంది, ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి దారి కాపీ చేసుకున్నాను.

బురుజునీడ:

అదే మరి. అది మీ ఇంట్లో అల్మరా అడ్రస్. నీ ల్యాప్‌టాప్‌లో పేజీ తెరిస్తే ఆ అల్మరా ఎదురుగానే ఉంది కాబట్టి ఫోటో వచ్చింది. ప్రొద్దుటూరులో ఒకాయన ఫోన్‌లో తెరిస్తే ఆయన ఫోన్‌లో మీ సీ డ్రైవ్ ఎక్కడిది? ఫోటోస్ ఫోల్డర్‌ని కూడా పేజీల పక్కనే సర్వర్‌లో పెట్టి, లైన్‌లో వట్టిగా ఫోటోస్, స్లాష్, ఫైల్ పేరు అని మాత్రం ఉంచు. స్లాష్ ముందుకు వాలినదే వాడు, వెనక్కి వాలినది విండోస్ వాళ్ల అలవాటు.

అది సరిచేసినా కొన్ని రాకపోతే పేర్లు చూడు. ఫోన్‌లోంచి వచ్చిన ఫోటోలకు చాలాసార్లు చివర జేపీజీ పెద్దక్షరాల్లో ఉంటుంది, పేజీలో నువ్వు చిన్నక్షరాల్లో రాసి ఉంటావు. విండోస్‌కి రెండూ ఒకటే. హోస్టింగుల్లో ఎక్కువగా లినక్స్ ఉంటుంది, దానికి అవి వేర్వేరు ఫైళ్లు, 404 (ఆ ఫైల్ లేదు) అని చూపిస్తుంది. పేర్లలో ఖాళీలు కూడా తీసెయ్.

ఏడురోడ్ల అక్క (కడప):

తెలుగు సంగతి నేను చెప్తాను, పదేళ్లు ఇక్కడే నెట్ సెంటర్ నడిపాను, ఈ ప్రశ్నార్థకాలతో కాపురం చేసినదాన్ని.

బాబూ, నీకున్నవి రెండు వేరువేరు జబ్బులు. పిచ్చి గుర్తులు వచ్చే మూడు పేజీల్లో అక్షరాలు భద్రంగానే ఉన్నాయి, బ్రౌజర్‌కి చదవడం రాక తప్పుగా చదువుతోంది. పేజీ పైన హెడ్ మొదలైన వెంటనే అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అనే ట్యాగ్ పెట్టు, అవి దారికొస్తాయి. ఇంట్లో ఎందుకు బాగున్నాయంటే, కంప్యూటర్‌లో ఉన్న ఫైల్ తెరిచినప్పుడు బ్రౌజర్ తనే ఊహించుకుని సర్దుకుంటుంది, నెట్‌లోంచి వచ్చిన పేజీకి ఆ మర్యాద చేయదు.

ప్రశ్నార్థకాలు వచ్చిన రెండు పేజీల్లో మాత్రం అక్షరాలు పోయాయి. అవి పాత సిస్టంలో టైప్ చేశావా? పాత నోట్‌ప్యాడ్ మామూలుగా యాన్సీ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తుంది, అందులో తెలుగుకు చోటు లేదు. సేవ్ కొట్టేటప్పుడు యూనికోడ్ (అన్ని భాషలకూ చోటున్న పద్ధతి) అక్షరాలు పోతాయి అని ఒక చిన్న డబ్బా వచ్చి ఉంటుంది, నువ్వు చదవకుండా ఓకే కొట్టి ఉంటావు. అందరూ కొడతారు. అవి మళ్లీ టైప్ చేయాల్సిందే. సేవ్ యాజ్‌లో కింద ఎన్‌కోడింగ్ అని ఉంటుంది, యూటీఎఫ్-8 పెట్టుకో. మెనూ కార్డు డీటీపీ వాళ్ల దగ్గరి ఫైల్ నుంచి కాపీ చేద్దామనుకుంటే మాత్రం జాగ్రత్త, వాళ్లు ఎక్కువగా వాడే పాత ఫాంట్లు యూనికోడ్ కావు, అతికిస్తే ఇంగ్లీషు గజిబిజి వస్తుంది.

సంగటిముద్ద:

అక్కా నువ్వు నా వెనక నిలబడి చూసినట్టే చెప్పావు. ఆ రెండు పేజీలు చివర్లో మా స్నేహితుడి షాపులో, విండోస్ 7 సిస్టంలో కొట్టాను, తెరిచి చూడకుండానే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. డబ్బా వచ్చింది, ఓకే కొట్టాను.

వేరుశనగ:

ఇంత అవస్థ ఎందుకు బ్రో, మొత్తం జిప్ చేసి హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో ఎక్కించి అక్కడే ఎక్స్‌ట్రాక్ట్ కొట్టొచ్చు కదా.

బురుజునీడ:

కొట్టొచ్చు, వేలకొద్దీ చిన్న ఫైళ్లుంటే అదే మేలు, ఎఫ్‌టీపీ (ఫైల్‌జిల్లా ఫైళ్లు పంపే పద్ధతి) ఒక్కో ఫైల్‌కి ఒక్కో లావాదేవీ చేస్తుంది కాబట్టి నత్తనడక. కానీ వీళ్ల నాయన రేపు ఒక ధర మార్చమంటాడు, దానికి మళ్లీ జిప్ ఎందుకు.

తమ్ముడూ, ఇంకా క్విక్‌కనెక్ట్‌తోనే వెళ్తున్నావా? సైట్ మేనేజర్‌లో వివరాలు దాచుకుని ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవకుండా తాళం వేయడం) దగ్గర రిక్వైర్ ఎక్స్‌ప్లిసిట్ ఎఫ్‌టీపీ ఓవర్ టీఎల్‌ఎస్ పెట్టు, హోస్టింగ్ వాళ్లు ఎస్‌ఎఫ్‌టీపీ (తాళం వేసి పంపే ఇంకో పద్ధతి) ఇస్తే ఇంకా మంచిది, అది 22వ పోర్టు. వట్టి ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ పోస్ట్‌కార్డు మీద రాసినట్టు బహిరంగంగా వెళ్తుంది. దాని తప్పు కూడా కాదులే, ఎఫ్‌టీపీకి మొదటి పత్రం రాసింది 1971 ఏప్రిల్‌లో, రాసినాయన మనవాడే, అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్, అప్పుడు ఎంఐటీలో ఉన్నాడు. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి కొద్దిపాటి కంప్యూటర్లే, తాళం ఎవరికోసం వేస్తారు.

ఏడురోడ్ల అక్క:

ఫోటోలు కూడా తగ్గించు. ఫోన్ ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది, పల్లెలో సిగ్నల్ ఒక గీత ఉన్నవాళ్లకు నీ సంగటి వచ్చేసరికి చల్లారిపోతుంది. వెడల్పు 1200 పిక్సెల్స్‌కి కుదిస్తే రెండు మూడు వందల కేబీకి దిగొస్తుంది.

సంగటిముద్ద:

అయిపోయింది! ఆరు ఫోటోలకు దారి తప్పు, మూడింటికి పెద్దక్షరాల జేపీజీ. రెండు పేజీలు మళ్లీ టైప్ చేశాను. సరిచేసినా పాతదే కనిపిస్తుంటే కాసేపు కంగారుపడ్డాను, కంట్రోల్ ఎఫ్5 కొడితే కొత్తది వచ్చింది. నాయన ఫోన్‌లో మొత్తం కిందిదాకా చూశాడు, ఏమీ అనలేదు, మళ్లీ పైకి పోయి "ఓళిగల రేటు పోయినేడాదిది పెట్టినావు" అన్నాడు. మార్చి లాగుతుంటే ఈ పేరుతో ఫైల్ ముందే ఉంది, ఓవర్‌రైట్ చేయాలా అని అడుగుతోంది. కొట్టొచ్చా?

ఏడురోడ్ల అక్క:

కొట్టు. ఎడమ నుంచి కుడికి లాగుతున్నావో లేదో ఒకసారి చూసుకుని కొట్టు. నేను ఒకసారి నిద్రమత్తులో కుడి నుంచి ఎడమకు లాగి ఓకే కొట్టాను, రాత్రంతా చేసిన పేజీ మీద సర్వర్‌లోని పాతది వచ్చి కూర్చుంది.