నాన్నగారి పాత నికాన్ 50 ఎం.ఎం. లెన్స్, సోనీ ఏ6000 మీద: ఫోకస్ ఎలా కుదురుతుంది?

నాన్నగారి ఫిల్మ్ కెమెరా పాడైపోయింది గానీ, దాని 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్ మాత్రం ఇంకా బంగారంలా ఉంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దది). వేరే కంపెనీ లెన్స్‌ని కెమెరాకి కలిపే చవక అడాప్టర్ ఒకటి కొని నా సోనీ ఏ6000 డిజిటల్ కెమెరాకి తగిలించాను. మొదట షట్టరే పడలేదు. మెనూలో 'లెన్స్ లేకున్నా షట్టర్' ఆన్ చేయాలని తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది!

అసలు గోల ఇప్పుడు. ఎఫ్/1.8లో పాప కంటి చుట్టూ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచుల్ని కెమెరా రంగుతో చూపించడం) ఎర్ర గీతలు మెరుస్తాయి. తీరా కంప్యూటర్లో చూస్తే చెవి పోగు నిగనిగలాడుతుంది, కనురెప్పలు మసక. పెద్దది చేసి చూసి ఫోకస్ పెడదామంటే, అంతలో పాప అరుగు దిగి పరుగు.

అందుకని ఎఫ్/8 పెట్టి, 3 మీటర్ల దగ్గర ఫోకస్ రింగు వదిలేద్దామనుకున్నా. లెక్క ప్రకారం సుమారు 2.5 నుంచి 3.7 మీటర్ల దాకా స్పష్టంగా రావాలి. కానీ రింగు 3 మీద ఉంటే 4 మీటర్ల దూరంలోని తులసికోట బాగా వస్తోంది. దూరపు సెల్ టవర్ కూడా అనంతం గుర్తు రాకముందే స్పష్టమవుతోంది. అడాప్టర్ మందం తక్కువైందా? పల్చటి రేకు ముక్క పెట్టి సరిచేసినవాళ్లున్నారా?

ఇంకొకటి. ఈ చిన్న సెన్సర్ మీద 50 కాస్తా 75 ఎం.ఎం. లెన్స్‌లా ఇరుకైపోతోంది. ఇంట్లో, వీధిలో రోజువారీ ఫొటోలకి పాత 28 ఎం.ఎం. ఎఫ్/2.8 వెతకమంటారా, లేక ఇదే చేయి అలవాటయ్యేదాకా వాడమంటారా? వాడినవాళ్లు చెప్పండి, ప్లీజ్.