మూడేళ్ళ పిల్లాడి మొండితనం: దానంతట అదే పోతుందా, ఇప్పుడే చూపించాలా?

హనుమకొండ అమ్మ
మా బాబుకి మూడేళ్ళ నాలుగు నెలలు. నిన్న ప్లేస్కూల్ నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. పక్కన కూర్చున్న పాపని కొరికాడట. వెళ్ళి చూస్తే ఆ పాప ముంజేతి మీద నాలుగు పళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళమ్మ ముఖం చూడలేకపోయాను. మా అత్తమ్మ "వాళ్ళ నాన్న కూడా ఈ వయసుల ఇంతే, బడికి పోతే అదే పోతది" అంటారు. మా ఆయన డాక్టరుకి చూపిద్దామంటారు. ఎవరి మాట వినాలి?

అంగన్‌వాడీ టీచర్, తూర్పు గోదావరి
టెన్షన్ పడకమ్మా. పంతొమ్మిదేళ్ళుగా ఈ వయసు పిల్లలతోనే ఉన్నాను. కొట్టడం, కొరకడం, లాక్కోవడం అన్నీ రెండు మూడేళ్ళప్పుడే ఎక్కువ. కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే అనే ఆయన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి చెప్పిందీ ఇదే. చాలామందిలో బడి వయసుకి తగ్గిపోతుంది. మాటలు వచ్చేకొద్దీ చేతులు ఆగుతాయి. మా సెంటర్లో ఒకడు రోజూ పళ్ళెం విసిరేవాడు. ఇప్పుడు కనిపిస్తే ఆగి, సైకిల్ దిగి పలకరిస్తాడు.

ఆక్లాండ్ నాన్న
టీచర్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ, ఎదురుచూడమంటే ఒప్పుకోలేను. ఇక్కడ న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్ళో 1972-73లో పుట్టిన 1,037 మందిని చిన్నప్పటి నుంచి గమనిస్తూ వస్తున్నారు. మూడు నుంచి పదకొండేళ్ళ మధ్య తమని తాము అదుపు చేసుకోలేకపోయిన పిల్లలకి 32 ఏళ్ళు వచ్చేసరికి ఆరోగ్యంలో, డబ్బు విషయంలో, పోలీసు కేసుల్లో ఇబ్బందులు ఎక్కువని 2011లో తేల్చారు. ఇంటి స్థోమతనీ, తెలివితేటల్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

రిటైర్డ్ మాస్టారు, నంద్యాల
బాబూ, అది వెయ్యి మందిని కలిపి చూసిన లెక్క. దాన్ని తెచ్చి ఒక పసివాడి నుదుట రాయకు. మా బళ్ళో ఒకటో తరగతిలో "రౌడీ" అని పేరు పడ్డ పిల్లాడికి ఐదో తరగతి దాకా ఆ పేరు హాజరు పట్టీతో పాటే వచ్చేది. కొత్త టీచరు వాడి ముఖం చూడకముందే వాడి గురించి విని ఉండేది. అల్లరి తగ్గిన ఏడాది కూడా వాడికి బెత్తం దెబ్బలు తగ్గలేదు. నేనూ కొట్టాను. ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆక్లాండ్ నాన్న
మాస్టారూ, ఆ మాట కాదనలేను. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి కూడా ఉంది. పెరిగేకొద్దీ అదుపు నేర్చుకున్న వాళ్ళు తర్వాత మెరుగ్గానే ఉన్నారు. అందుకే త్వరగా సాయం అందాలంటున్నాను, ముద్ర వేయమని కాదు.

ఇద్దరు పిల్లల తల్లి, విజయవాడ
అందరూ కొట్టే పిల్లాడి గురించే మాట్లాడుతున్నారు. మా పెద్దమ్మాయి ఎవర్నీ కొట్టలేదు, కొరకలేదు. ఎల్‌కేజీ నుంచి రెండో తరగతి వరకు క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో మాత్రం వసపిట్ట. ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లోనూ "మీ పాప చాలా బుద్ధిమంతురాలండీ" అనేవాళ్ళు, నేను పొంగిపోయేదాన్ని. బాత్‌రూమ్‌కి వెళ్తానని అడగలేక యూనిఫామ్ తడుపుకుని, బ్యాగు అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చిన రోజున గానీ నాకు అర్థం కాలేదు. అది బుద్ధి కాదు, భయం.

సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే, తన బదులు నేను జవాబు చెప్పడం మానమన్నారు. కిరాణా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ తనే అడగాలి, నేను పక్కన నిలబడాలి, అంతే. మొదటిసారి పది నిమిషాలు పట్టింది. వెనక జనం. నాకు చెమటలు. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ సైకాలజిస్టు జెరోమ్ కేగన్ నాలుగు నెలల పసికందుల నుంచి గమనిస్తే, కొత్తకి బాగా బెదిరే పిల్లలందరూ పెద్దయ్యాక పిరికివాళ్ళు కాలేదట. ఆ మాటే నన్ను నిలబెట్టింది. ఇప్పుడు ఆరో తరగతి. బిడియం పోలేదు, కానీ చెయ్యెత్తి సందేహం అడుగుతుంది. అన్నాళ్ళూ దాన్ని బుద్ధే అనుకుని ఊరుకున్నందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

అంగన్‌వాడీ టీచర్, తూర్పు గోదావరి
అక్కా, మీ మాట మనసుకి తగిలింది. నెమ్మదైన పిల్లల్ని మేమూ పట్టించుకోం, పళ్ళెం విసిరేవాడి వెనకే పరిగెడతాం.

హనుమకొండ అమ్మా, ముందే అడగాల్సింది. బాబుకి మాటలు ఎంతవరకు వచ్చాయి? ఎప్పుడు కొరుకుతున్నాడు, దానికి ముందు ఏం జరుగుతోంది, తర్వాత మీరు ఏం ఇస్తున్నారు? వద్దంటాం, గుక్కపట్టి ఏడుస్తాడు, భరించలేక ఫోన్ ఇచ్చేస్తాం. ఏడిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకుంటాడు, ఇస్తే ఊరుకుంటాడని మనం నేర్చుకుంటాం. చాలా ఇళ్ళల్లో మొండితనం ముదిరేది ఇక్కడే. ఇంట్లోనూ బళ్ళోనూ ఒకేలా ఉన్నా, నెలలు గడిచినా తగ్గకపోయినా, మాటలు ఆలస్యమైనా తప్పకుండా చూపించండి. చూపించినంత మాత్రాన పేరు పెట్టినట్టు కాదు. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకి వస్తున్నాయి. ఎదుగుదల ఆలస్యాలు కూడా చూస్తారు, అవసరమైతే ఇలాంటి సమస్యల్ని త్వరగా గుర్తించి సాయం చేసే జిల్లాలోని డీఈఐసీ కేంద్రానికి పంపుతారు. ఖర్చు ఉండదు.

హనుమకొండ అమ్మ (పది రోజుల తర్వాత)
నోటుపుస్తకంలో రాసి పెట్టాను. వారంలో ఆరుసార్లు కొరికాడు. అందులో ఐదుసార్లు అన్నానికి ముందు, చేతులు కడుక్కునే లైన్లో. వెనకవాళ్ళు తోస్తే "తొయ్యకు" అనడం వాడికి రాదు. "అమ్మ దా", "నీళ్ళు కావాలె", ఇట్ల రెండు మాటలకి మించి కలపడు. మేం అంతా అల్లరే చూశాం, మాటల సంగతి పట్టించుకోలేదు. టీచరమ్మని అడిగి లైన్లో ముందు నిలబెట్టిస్తున్నాం. మూడు రోజులుగా ఫోన్ రాలేదు. గురువారం చెవి పరీక్షకి, మాటల పరీక్షకి తీసుకెళ్తున్నాం. అత్తమ్మ తనూ వస్తనన్నారు.