హాస్టల్లో ఉన్న అమ్మాయికి ఇంటి గొడవలు చెప్పాలా, దాచాలా?

కొండపల్లి బొమ్మ: అమ్మాయి బీటెక్ రెండో ఏడాది, హైదరాబాద్‌లో హాస్టల్. ఇంట్లో అమ్మానాన్నలకు పడటం లేదు. రోజూ రాత్రి అమ్మ ఫోన్ చేసి జరిగిందంతా ఏకరువు పెడుతుంది. అమ్మాయికి మార్కులు తగ్గాయి. "అమ్మ కొంగు వదలట్లేదు, ఫోన్లు తగ్గించండి" అని చుట్టాల సలహా. మీరేమంటారు?

ఆరోబ్లాక్: కొంగు పట్టుకోవడం జబ్బేం కాదు. మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ పరిశీలనల్లో, తల్లి ఉందన్న ధీమా ఉన్న పసివాళ్లే కొత్త గదిలో బొమ్మల దాకా వెళ్లి ఆడుకున్నారు. పెద్దపిల్లల కోసం 1987లో పరిశోధకులు ఆర్మ్స్‌డెన్, గ్రీన్‌బర్గ్ తయారుచేసిన, తల్లిదండ్రులతో బంధాన్ని కొలిచే ప్రశ్నావళి కూడా రోజుకెన్ని ఫోన్లని అడగదు. నమ్మకం ఉందా, మనసులో మాట చెప్పుకోగలరా, పరాయివాళ్లమైపోయామనిపిస్తోందా అన్నవే చూస్తుంది.

పటాన్‌చెరు65: ఆ ఎయిన్స్‌వర్త్ చూసింది ఏడాది పిల్లలను, బీటెక్ పిల్లలను కాదు. రాత్రి పదకొండింటికి నలభై నిమిషాలు ఏడుపు విన్నాక మిడ్స్‌కు ఎవరు చదువుతరు? రోజుకొక్క ఫోన్, పది నిమిషాలు, తొమ్మిది లోపల. అయిపాయె.

మెస్‌కార్డు: ఎత్తకపోతే ఇరవై మిస్డ్ కాల్స్ ఉంటాయండీ. అప్పుడసలు నిద్రే పట్టదు.

ఆరోబ్లాక్: నిమిషాల లెక్క పక్కన పెట్టండి. తల్లిదండ్రుల గొడవల మీద పరిశోధించిన గ్రిచ్, ఫించమ్ 1990లో చెప్పింది ఇది: గొడవ ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా జరిగింది, తేలిందా లేదా, పిల్లల పేరు అందులోకొచ్చిందా అన్నదాన్ని బట్టి వాళ్ల మీద ప్రభావం ఉంటుంది. హాస్టల్లో ఉన్న పిల్లకి ఇక్కడే చిక్కు. గొడవ మొదలవడం వినపడుతుంది గానీ ముగింపు వినపడదు. రాత్రి ఏడ్చిన తల్లి, పొద్దున ఇద్దరూ కలిసి కాఫీ తాగారని ఫోన్ చేసి చెప్పదు కదా. పిల్ల మాత్రం రాత్రి విన్నదాంతోనే క్లాసులో కూర్చుంటుంది.

కాబట్టి దాచొద్దు. మాటైంది, దేని మీదైంది, తేలిందా లేదా, నీ వల్ల కాదు అని చెప్పాలి. తేలితే ఆ సంగతీ చెప్పాలి. "నువ్వైనా నాన్నకి చెప్పు", "నాన్నతో అనకు" అనే రెండూ పిల్లని మధ్యలోకి లాగే మాటలు. "నీకోసమే భరిస్తున్నా" అన్నది అన్నిటికన్నా చెడ్డది. అది విన్న పిల్ల, తను లేకపోతే అమ్మ ఎప్పుడో బయటపడేదని లెక్కేసుకుంటుంది.

పటాన్‌చెరు65: ఈ నీతులన్నీ పదకొండింటికి గుర్తుంటయా? టైమ్ పెడితే అన్నీ అవే దారికొస్తయి.

గోదారిగట్టు: ఒకాయన ఆవిడ నిమిషాలు లెక్కపెడతాడు, ఇంకొకాయన మాటలు ఏరుతాడు. ఆవిడ ఎవరితో చెప్పుకోవాలి? అత్తింట్లో అంటే నోరు ఎక్కువంటారు, పుట్టింట్లో అంటే సర్దుకోమంటారు. ఇంతసేపూ నాన్న గురించి ఒక్కరైనా ఒక్క ముక్క అన్నారా?

పటాన్‌చెరు65: ఆయన ఫోన్ చెయ్యడు గదా. చేసేటోళ్లకే చెప్తం.

గోదారిగట్టు: చూశారా! చెయ్యనివాడు మంచోడైపోయాడు.

ఆరోబ్లాక్: ఆవిడ చెప్పుకోకూడదనలేదమ్మా. బరువంతా కూతురి మీదే పడకూడదన్నా. చెయ్యి చేసుకుంటుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయాలి, లేదా బాధిత మహిళలకు సాయం చేసే సఖి సెంటర్‌కి వెళ్లాలి. 2005 గృహహింస చట్టం కింద ఇల్లు వదలకుండానే రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. కొట్టడం లేకుండా నిత్యం తగువే అయితే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. తల్లీ చేయొచ్చు, కూతురూ చేయొచ్చు.

గోదారిగట్టు: 14416 వాళ్లు మర్నాడు ఫోన్ చేసి "అన్నం తిన్నావా అమ్మా" అంటారా? నంబర్లు ఇవ్వండి, వద్దనను. ఆ వంకతో కూతుర్ని మాత్రం దూరం చేయకండి.

మెస్‌కార్డు: అసలు సంగతి ఎవరూ అనట్లేదు. అమ్మాయి నాన్నని ఒక్క మాట అనలేదు. సెమిస్టర్ ఫీజు ఆయన కట్టాలి. అమ్మ మాట విని ఊరుకుంటే అమ్మకి ద్రోహం, నాన్నని అడిగితే చదువుకి ఎసరు.

ఆరోబ్లాక్: హిందూ కుటుంబమైతే 1956 దత్తత, భరణ చట్టం 20వ సెక్షన్ ఉంది. సొంతంగా బతకలేని పెళ్లికాని కూతురిని పోషించడం తల్లిదండ్రుల బాధ్యత. చదువు ఖర్చూ భరణంలో భాగమే.

గోదారిగట్టు: కోర్టు తీర్పు ఫీజు గడువు లోపల వస్తుందా అండీ?

ఆరోబ్లాక్: రాదు. అందుకే ఫీజు సంగతి గొడవతో కలపనని తండ్రే అమ్మాయికి నోటితో చెప్పాలి. తల్లి ఎన్నిసార్లు చెప్పినా ఆ భయం పోదు.

కొండపల్లి బొమ్మ: ఆయన "డబ్బులు పంపా" అని పెట్టేసే రకం.

గోదారిగట్టు: అయితే ఆ డబ్బులు పంపిన రోజే ఇంకో నిమిషం మాట్లాడించండి. "మీ అమ్మకీ నాకూ మాటైంది, మేం చూసుకుంటాం, నీ ఫీజు ఆగదు." అంతే. ఈసారి ఆయన నేర్చుకోవాలి.

పటాన్‌చెరు65: ఎన్ని గంటలకు చెయ్యాల్నో అది కూడా రాయుండ్రి.